బోర్డు మీద కిలోవాట్లు, బ్యాటరీలో యూనిట్లు

సంతలో గేదెను బేరం చేసేటప్పుడు అమ్మేవాడు "పూటకు ఆరు లీటర్లు" అంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. ఈనిన రెండో నెలలో, పచ్చిమేత పుష్కలంగా దొరికిన రోజున, ఆ గేదె ఒక పూట ఆరు లీటర్లు ఇచ్చే ఉంటుంది. కాని మన సభ్యులెవరూ ఆ ఆరును మూడు వందల రోజులతో గుణించి అప్పు తీర్చే లెక్క వేసుకోరు. ఈత మొత్తం మీద సగటు ఎంత, వట్టిపోయే రోజులెన్ని అని అడుగుతారు. ఒక పూట పాలు పితకకుండా ఆపి, పొదుగు నింపి సంతకు తోలుకొచ్చారేమోనని కూడా చూస్తారు. రెండు మూడు పూటలు దగ్గరుండి పితికించుకొని గాని బయానా ఇవ్వరు.

కరెంటు కార్ల విషయంలో మాత్రం ఈ జాగ్రత్త కనబడటం లేదు. "మా అబ్బాయి కరెంటు కారు కొని బాడుగకు తిప్పుతానంటున్నాడు. అరగంటలో చార్జి అయిపోతుందట, నిజమేనా?" అని సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడు సభ్యులు అడుగుతున్నారు. పాల డబ్బుల నుంచి వాయిదాలు కట్టవలసినవారు కాబట్టి ఈ ప్రశ్నకు తొందరపడి అవునని గాని, కాదని గాని చెప్పరాదు. లెక్క చూసి చెప్పవలసిన విషయమిది.

ముందుగా రెండు మాటలకు గల తేడా తెలుసుకొందాం. కిలోవాటు అనేది వేగం. యూనిట్టు అనేది పరిమాణం. గొట్టంలో నుంచి పాలు ఎంత జోరుగా వస్తున్నవి అనేది మొదటిది, క్యాన్లో ఎన్ని లీటర్లు చేరినవి అనేది రెండవది. 10 కిలోవాట్ల ధార ఒక గంటసేపు తగ్గకుండా పారితే 10 యూనిట్లు చేరతాయి. మన పొలాల్లో తిరిగే 5 హెచ్.పి. మోటారు సుమారు 3.7 కిలోవాట్లు వాడుతుంది. అనగా 60 కిలోవాట్ల చార్జరు అని బోర్డు మీద వ్రాసి ఉంటే, అటువంటి మోటార్లు పదహారు ఒక్కసారిగా తిరిగినంత జోరు అన్నమాట. బోర్డు పెద్దదే. ఆ జోరంతా కారులోకి వెళుతుందా అన్నదే ప్రశ్న.

కంపెనీవారు చెప్పిన అంకెలతోనే చూద్దాం. టాటావారి నెక్సాన్ కరెంటు కారు 2023లో మార్పులతో వచ్చినప్పుడు అందులోని పెద్ద బ్యాటరీ 40.5 యూనిట్లది. 50 కిలోవాట్ల చార్జరు మీద 10 శాతం నుంచి 80 శాతానికి 56 నిమిషాలు పడుతుందని ప్రకటించారు. 40.5 యూనిట్లలో 70 శాతం అంటే 28 యూనిట్లకు కొంచెం పైన. 56 నిమిషాలలో 28 యూనిట్లు చేరితే సగటు వేగం 30 కిలోవాట్లు. యాభై కాదు.

ఇంకా ఖరీదైన కారు చూసినా కథ ఇంతే. 2023లోనే మన దేశంలో అమ్మకానికి వచ్చిన హ్యుండాయ్ అయోనిక్ 5 కారుకు 72.6 యూనిట్ల బ్యాటరీ. 350 కిలోవాట్ల చార్జరు మీద 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాలని ప్రకటన. 18 నిమిషాలలో 51 యూనిట్లు అంటే సగటున 170 కిలోవాట్లు. చాలా గొప్ప వేగమే, సందేహం లేదు. అయినా 350లో సగం కూడా కాదు. అదే కారును 60 కిలోవాట్ల చార్జరు దగ్గర నిలబెడితే, ఆ యంత్రం ఒక్క క్షణం కూడా తగ్గకుండా ఇచ్చినా, ఆ 51 యూనిట్లకు 51 నిమిషాలు పట్టి తీరుతుంది. 18 నిమిషాల మాట నమ్మి మన రహదారి మీద కాఫీ తాగేలోపు చార్జి అవుతుందనుకొంటే పొరపాటు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదని గమనించండి. బోర్డు మీద అంకె ఆ యంత్రం ఇవ్వగలిగిన అత్యధికం. కారు ప్రకటనలోని అంకె ఆ కారు తీసుకోగలిగిన అత్యధికం, లేదా అన్నీ అనుకూలించినప్పటి కాలం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే వేగం దానిని మించదు. ఎన్ని ఆంపియర్లు కావలెనో నిమిష నిమిషానికీ చార్జరుకు చెప్పేది కారే. చార్జరు తనకు చేతనైనంత మేరకు దాని మాట వింటుంది.

కిలోవాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చే లెక్క. వోల్టులు బ్యాటరీని బట్టి ఉంటాయి, చార్జరు ఇష్టం కాదు. బ్యాటరీ 320 వోల్టులది, యంత్రం 125 ఆంపియర్లకు మించి ఇవ్వలేనిది అనుకొందాం. రెంటినీ గుణిస్తే 40,000 వాట్లు, అనగా 40 కిలోవాట్లు. అటువంటి యంత్రం మీద 50 అని వ్రాసి ఉన్నా ఈ కారుకు దక్కేది 40. పెద్ద చార్జర్లకూ ఇదే లెక్క. 500 ఆంపియర్లు ఇవ్వగల 350 కిలోవాట్ల యంత్రం దగ్గర 400 వోల్టుల కారుకు 200 కిలోవాట్లే దక్కుతాయి. అయోనిక్ వంటి కార్లకు సుమారు రెట్టింపు వోల్టుల బ్యాటరీలు పెట్టడానికి కారణం ఇదే.

కిందటి వేసవిలో ఈ వ్యాసకర్త బంధువుల కారులో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళవలసి వచ్చింది. దూరం సుమారు 270 కిలోమీటర్లు. కారు బ్యాటరీ 45 యూనిట్లది. కాగితం మీద 10 నుంచి 80 శాతానికి 40 నిమిషాలు. దారిలో ఒక హోటలు ఆవరణలో 60 కిలోవాట్ల బోర్డు చూసి, బ్యాటరీలో 18 శాతం ఉండగా ఆగాము. తెర మీద 42 కిలోవాట్లు కనబడింది. పది నిమిషాలు గడిచేసరికి ఇంకొక కారు వచ్చి అదే యంత్రానికి ఉన్న రెండవ గన్ను తగిలించుకొంది. మా అంకె 29కి దిగింది. ఆ యంత్రానికి గన్నులు రెండైనా శక్తి ఒకటే, ఇద్దరూ ఉంటే చెరి సగం. ఈ సంగతి బోర్డు మీద ఎక్కడా లేదు. 80 శాతం చేరేసరికి మొత్తం 53 నిమిషాలు. "ఎలాగూ ఆగాము గదా, నిండా పెట్టండి" అన్నారు మా బావగారు. మిగిలిన 20 శాతానికి, అనగా 9 యూనిట్లకు, ఇంకొక 40 నిమిషాలు పట్టింది. రెండవ కారువారు అప్పటికే వెళ్ళిపోయారు, చార్జరంతా మాదే. అయినా ఆ చివరి భాగంలో సగటు వేగం 14 కిలోవాట్లు దాటలేదు. భోజనాలు అయినవి, టీలు అయినవి, బావగారి ఓపిక కూడా అయిపోయింది.

ఆ చివరి భాగం ఎందుకంత నెమ్మది? క్యాన్లోకి పాలు పోసేటప్పుడు మనం చేసే పనే బ్యాటరీ కూడా చేస్తుంది. ఖాళీ క్యాన్లోకి ధారగా కుమ్మరిస్తాం. మెడ దగ్గరకు వచ్చేసరికి ధార సన్నం చేస్తాం, లేకపోతే నురుగు పొంగి నేలపాలవుతుంది. బ్యాటరీ లోపల లిథియం కణాలు ఒక వైపు నుంచి ఇంకొక వైపుకు పోయి, అక్కడి గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకొని కూర్చోవాలి. ఖాళీ చోటు ఎక్కువగా ఉన్నంతసేపు గబగబా సర్దుకొంటాయి. చోటు తగ్గేకొద్దీ ఆలస్యమవుతుంది. అప్పుడు కూడా బలవంతంగా తోస్తే అవి లోపలికి పోలేక పైననే లోహపు పూతగా పేరుకొంటాయి. ఆ పూతలో చాలా భాగం మళ్ళీ వాడకంలోకి రాదు. బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది, పూత బాగా పెరిగితే లోపల షార్టు అయ్యే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి కారులోని కంప్యూటరు ముందుగానే ధార సన్నం చేస్తుంది. ఇది లోపం కాదు, రక్షణ. ప్రకటనలన్నీ 80 శాతం దగ్గరే ఆగడం వెనుక రహస్యం కూడా ఇదే.

వేడి, చలి కూడా వేగాన్ని మారుస్తాయి. చలి సంగతి అందరికంటె ముందు నార్వేవారికి అనుభవమైంది. పాల సేకరణలో మనవలెనే సహకార పద్ధతి గట్టిగా నిలిచిన దేశమది. 2024లో అక్కడ అమ్ముడైన ప్రతి 100 కొత్త కార్లలో సుమారు 89 కరెంటువే. మంచు కాలంలో రాత్రంతా బయట నిలిచిన కారును పొద్దున్నే చార్జరుకు తగిలిస్తే వేగం ప్రకటనలో సగానికి కూడా రాకపోవచ్చు. చల్లబడిన బ్యాటరీలో ఆ కణాలు మందకొడిగా కదులుతాయి, లోహపు పూత భయం ఎక్కువ. అందుచేత చార్జరు చేరకముందే దారిలోనే బ్యాటరీని వెచ్చచేసుకొనే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో పెట్టారు. మన బాధ దీనికి తలక్రిందులు. మే నెల మధ్యాహ్నం 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆగిన కారులో బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటుంది. చార్జింగు ఇంకా వేడి పుట్టిస్తుంది. చల్లబరిచే యంత్రం తిరుగుతూ కొంత కరెంటు అదే తాగుతుంది. అదీ చాలకపోతే కారు వేగం తగ్గించుకొంటుంది. ఎండలో నిలబడిన చార్జరు, దాని కేబులు కూడా వేడెక్కి తగ్గవచ్చు. ఒకే రోజు రెండవసారి, మూడవసారి చార్జి చేసినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక బాడుగ లెక్కకు వద్దాం. రోజుకు రెండుసార్లు దారిలో చార్జి చేయవలసిన కుర్రవాడు ప్రకటన చూసి ఒక్కొక్కసారికి అరగంట అనుకొన్నాడు. నిజానికి గంట పట్టింది. రోజుకు ఒక గంట నష్టం. నెలకు 25 రోజులు తిరిగితే 25 గంటలు. ముందు వచ్చిన కారు వెళ్ళేవరకు ఎదురుచూచిన కాలం, పనిచేయని చార్జరు దగ్గరకు పోయి తిరిగివచ్చిన కాలం ఇందులో లేవు. బ్యాంకు వాయిదా మాత్రం ఆ గంటలను మినహాయించదు. పాల రూటుకు కరెంటు బండి పెట్టదలచినవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవలెను. పాలు వేసుకొన్న బండి చార్జరు దగ్గర నిలబడరాదు. వేసవిలో క్యాన్లలో ఒక గంట ఆలస్యమైతే పాలు పులిసి, శీతలీకరణ కేంద్రంలో వెనక్కు పంపితే ఆ నష్టం రూటు మీదనున్న ప్రతి సంఘానిదీ. రెండు పూటల రూటుకు సరిపడా చార్జి రాత్రే ఎక్కించుకొని బయలుదేరగలిగే బండి అయితేనే ఆలోచించండి.

రాత్రి ఇంటి దగ్గర చార్జి చేసుకొనే వీలున్నవారికి ఈ బాధలో చాలా భాగం ఉండదు. 7 కిలోవాట్ల ఇంటి చార్జరు ఆరు గంటలలో 42 యూనిట్లు ఇస్తుంది. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద, గంటకు మూడు యూనిట్లు చొప్పున, అదే పనికి 14 గంటలు. కొనేముందు ఇంటి కనెక్షనుకు ఎంత లోడు మంజూరైనదో విద్యుత్ కార్యాలయంలో కనుక్కోండి. పొలం మోటారు కనెక్షను మీద కారు చార్జి చేయడం మాత్రం వద్దు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం అది అనుమతి లేని వాడకం, పట్టుబడితే మామూలు రేటుకు రెట్టింపు కట్టించుకొంటారు.

షోరూములో "ఎన్ని కిలోవాట్లు?" అని అడగకండి. "10 నుంచి 80కి ఎన్ని నిమిషాలు, ఎటువంటి చార్జరు మీద?" అని అడగండి. ఆ చార్జరు మన దారిలో ఎక్కడుందో చూపించమనండి. బయానా ఇవ్వకముందే, వీలైతే ఎండ పూట, ఆ కారును మన ఊరి దారిలోని చార్జరు దగ్గరకు తీసుకొని వెళ్ళి దగ్గరుండి చార్జి చేయించండి. మొదలుపెట్టిన శాతం, ముగించిన శాతం, పట్టిన నిమిషాలు, బిల్లులో యూనిట్లు చీటీ మీద వ్రాసుకొనండి. యూనిట్లను 60తో గుణించి నిమిషాలతో భాగిస్తే అసలు కిలోవాట్లు తేలుతాయి. బిల్లులో యూనిట్లు బ్యాటరీలో చేరినవాటికంటె కొంచెం ఎక్కువే ఉంటాయి. వేడిగా పోయినది, చల్లబరచడానికి వాడినది కూడా మన ఖాతాలోదే.

తిరుగు ప్రయాణంలో మా బావగారు పద్ధతి మార్చారు. ఒకేచోట నిండా పెట్టకుండా, బ్యాటరీ బాగా దిగిన తరువాత రెండు చోట్ల ఇరవై ఇరవై నిమిషాలు మాత్రమే ఆగాము. రెండింటిలోను 60 శాతం దగ్గరే గన్ను తీసేశారు. వెళ్ళేటప్పటికంటె గంట ముందుగా ఇల్లు చేరాము.