గోడ విడిచి గుడ్డకెక్కిన సవర బొమ్మ
అడుగు పూత సరిగా ఉంటేనే నాలుగు కాలాల మన్నిక

పాతపట్నం: ఇంటికి పునాది ఎంతో బొమ్మకు అడుగు పూత అంత. పూత కుదరని గుడ్డ మీద ఎంత చక్కని బొమ్మ వేసినా కాలం గడిచేకొద్దీ పెచ్చులు లేస్తుంది. కొన్నవారు తిప్పి పంపితే చేసిన పనీ, పెట్టిన డబ్బూ రెండూ పోతాయి. మన్యంలోని సవర బొమ్మలు మట్టిగోడలు విడిచి గుడ్డ మీదికి వస్తున్న తరుణంలో ఇది తెలుసుకోదగిన సంగతి.

ఎర్రమట్టి అలుకే తొలి పూత

సవరలు దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం ఇంటి గోడపై వేసే బొమ్మను ఎడిసింగ్ అంటారు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ముందు గోడను ఎర్రమట్టితో అలికి, ఆరిన తరువాత బియ్యపు పిండి నీటితో, నలగగొట్టిన పుల్లతో మనుషులను, జంతువులను, చెట్లను గీస్తారు. ఈ బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన గ్రంథంలో వివరంగా రాశారు. మట్టిళ్ళ స్థానే స్లాబు ఇళ్ళు రావడంతో ఆ ఎర్రగోడలు తగ్గుతున్నాయి. అందుకే గుడ్డ, అక్రిలిక్ రంగులు అక్కరకు వచ్చాయి.

బిగింపులో కిటుకు

గుడ్డ ముతక నూలుదై ఉండాలి. సన్నని పొందూరు ఖద్దరు కట్టుకోవడానికి మేలుగాని చట్రానికి ఒంటి పొరగా చాలదు. కొత్త గుడ్డకు గంజి ఉంటే ఉతికి ఆరవేయాలి. చట్రం మీద పరచి, ముందుగా నాలుగు పక్కల నడిమి భాగాన మేకు కొట్టాలి. ఆపైన ఎదురెదురు పక్కలను సమానంగా లాగుతూ మూలల వైపు సాగాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే ముడతలు తప్పవు.

ఆపై జెస్సో అనే తెల్ల పూత వేయాలి. సుద్ద, తెల్ల రంగు, అక్రిలిక్ జిగురు కలిసిన మిశ్రమమిది. మొదటి పూత అడ్డంగా, అది పూర్తిగా ఆరాక రెండవది నిలువుగా వేయాలి. మధ్యలో సన్న గరుకు కాగితంతో రుద్దాలి. నీళ్ళు ఎక్కువ కలిపితే జిగురు పలచబడి పూత పొడిగా రాలుతుంది. నూనె రంగులకని చమురు పూత వేసిన గుడ్డపై అక్రిలిక్ పట్టు నిలవదు. కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి.

చింతగింజల జిగురు

జెస్సో లేని కాలంలోనూ మనవారు పూత ఎరుగుదురు. పూరీ సమీపాన రఘురాజపురం పటచిత్రకారులు చింతగింజల జిగురుతో రెండు పొరల గుడ్డ అతికి, సుద్దపొడి కలిపిన జిగురు పూసి, ఆరాక రాతితో నునుపు చేస్తారు. తెలంగాణలోని చేర్యాల నకాషీలు కూడా చింతగింజల జిగురు, తెల్లమట్టి వాడతారు. ఖర్చు తక్కువే అయినా తేమ తగిలితే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. కనుక గాలి ఆడే చోట ఉంచాలి. బొమ్మను మడతపెట్టరాదు. బొమ్మ పైకి కనబడేలా, నడుమ నూనె కాగితం వేసి చుట్టాలి.

సవర భాషకు సేవ చేసిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పాతపట్నం పొరుగునున్న పర్లాకిమిడిలోనే. ఆయన ఆ మాటలకు కాగితంపై చోటు చూపారు. ఇప్పుడు ఆ గీతలకు గట్టి గుడ్డ కావాలి. సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ యువతకు బొమ్మతోపాటు పూత పని కూడా నేర్పించగలిగితే ఈ కళ కూడు పెట్టే వృత్తిగా నిలబడుతుంది.