ఆపరేషన్ ఒకరికి, ఆగిపోయే పని ఇద్దరిది

ధర్మవరంలో మగ్గం నేసే మనిషికి నోటి క్యాన్సర్ వచ్చింది, కింది దవడ తీసేసి కాలి ఎముకతో కొత్త దవడ కట్టారు అనుకుందాం. ఆస్పత్రి ఖర్చు ఎంతయిందని ఊరంతా అడుగుతుంది. భార్య చేసే పని ఎంతని అడిగేవాళ్లుండరు. ఆ లెక్క కూడా వేయాలి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 3.9 లక్షలు. అందులో 1.4 లక్షల మందికి పైగా మన దేశంవాళ్లే.

కాలి ఎముకతో దవడ కట్టే పద్ధతిని న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో ప్రచురించారు. మోకాలి కింద బయటివైపున్న సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తీసి, మెడలోని నాళాలకు కలిపి కుడతారు. ఆ నాళాల వెడల్పు 2, 3 మిల్లీమీటర్లే. వాటిలో రక్తం గడ్డకట్టే ముప్పు మొదటి 72 గంటల్లోనే ఎక్కువ. అందుకే నర్సులు గంటగంటకూ వచ్చి కొత్త కండ రంగు, వెచ్చదనం చూస్తారు. పక్కనున్న ఇల్లాలు దిండు సర్దబోయి మెడ తిప్పకూడదు. గొంతు దగ్గర గొట్టం ఉన్నన్నాళ్లూ ఆయనకు మాట రాదు. రాయడం రాకపోతే నీళ్లకు, నొప్పికి, మూత్రానికి ఏ సైగో ఆపరేషన్‌కు ముందే ఇద్దరూ అనుకుని పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక అసలు శ్రమ మొదలవుతుంది. ముక్కు గొట్టం గుండా తిండి పోయాలి. గాయం మానాలంటే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. సంగటి తిని పెరిగిన మనిషి కదా అని రాగి జావ ఒక్కటే పోస్తే చాలదు. 100 గ్రాముల రాగిపిండిలో ప్రొటీన్ 7 గ్రాములే. 72 రావాలంటే కిలో పిండి కాయాలి. లీటరు పాలతో 32, నాలుగు ఉడికించిన గుడ్లతో 24, 100 గ్రాముల రాగితో 7, 40 గ్రాముల వేరుశనగ పప్పుతో 10, వెరసి 73. అన్నీ మెత్తగా రుబ్బి వడకట్టాలి. షుగరో, కిడ్నీ జబ్బో ఉంటే ఈ లెక్క మారుతుంది, డైటీషియన్‌ను అడిగే పోయాలి.

పోసే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, సిరంజిని పైకి పట్టుకుని, దానంతటదే దిగేలా 200 మిల్లీలీటర్లు పోయాలి, నొక్కకూడదు. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. తర్వాత అరగంటకు తక్కువ కాకుండా కూర్చోబెట్టాలి. రోజుకు ఎనిమిది సార్లు, కాయడం నుంచి కడగడం దాకా ఒక్కోసారికి ముప్పావు గంట వేసుకున్నా ఆరు గంటలు దానికే పోతాయి.

ఆమెకు ఆ ఆరు గంటలూ ఎక్కడివి? మగ్గం మీద ఆయన కూర్చుంటే, కండెలు చుట్టేది ఆమె. 2019–20 చేనేత గణనలో తేలిన 35 లక్షల పైచిలుకు కార్మికుల్లో ఆడవాళ్లు 72 శాతం. ఆస్పత్రి ఖర్చు భరించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిసారి అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోనివే. కోలుకునే రోజుల కూలి సంగతి 2019 డిసెంబర్ 2న మొదలైన ఆరోగ్య ఆసరాతో గానీ లెక్కలోకి రాలేదు: అప్పట్లో రోజుకు రూ.225, నెలకు రూ.5,000 మించకుండా. అదైనా రోగి ఒక్కడి కూలికే. రెండో మనిషి కూలిని కూడా లెక్కగట్టే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నేతగాడికి ఇంకో కష్టం కాలిది. చీలమండ, మోకాలు నిలకడగా ఉండేందుకు ఎముకను రెండు చివర్లా 6 నుంచి 8 సెంటీమీటర్లు వదిలేస్తారు. నడక సాధారణంగా తిరిగి వస్తుంది. కానీ గుంత మగ్గంలో చెక్కలు తొక్కేది ఆ కాళ్లతోనే. ఆయన పని ఇదని సర్జన్‌కు ముందే చెప్పండి, ఏ కాలి నుంచి తీయాలో ఆలోచించడానికి ఉంటుంది. బొటనవేలు ముడుచుకుపోకుండా ఫిజియో చెప్పిన వ్యాయామం మానొద్దు.

ముఖం మారిందని ఆయన పెళ్లిళ్లకు, పేరంటాలకు రానంటే బలవంతపెట్టకండి, ఒంటరిగానూ వదలకండి. ఇద్దరిలో ఎవరికి దిగులు పట్టినా టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

రేడియేషన్ అవసరమైతే ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుకావాలి. మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున 30 సిట్టింగులు. మన మూడు ఊళ్లూ బెంగళూరు రైలు దారిలోవే కాబట్టి చాలామందికి అక్కడి కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి గుర్తొస్తుంది. రోజూ పోయి వస్తే హిందూపురం నుంచి సుమారు 6,000 కిలోమీటర్లు, పెనుకొండ నుంచి 8,400, ధర్మవరం నుంచి 10,800 తిరిగినట్టు. అందుకే ఆ ఆరు వారాలూ అక్కడే గది చూసుకోవడం మేలు. వెళ్లి వచ్చే ప్రయాణాలకు రైల్వే రాయితీ ఉంది: స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను డిశ్చార్జి కాకముందే ఆస్పత్రిలో అడిగి తీసుకోండి.