చెడిన మెమరీ మాడ్యూల్: గుర్తింపు, పరిష్కారం, పాఠరక్షణ

వ్యాససంగ్రహం:

కంప్యూటరులోని ర్యామ్ మాడ్యూల్ చెడిపోవడాన్ని సాధారణంగా యంత్రానికి సంబంధించిన సమస్యగానే భావిస్తారు. అయితే పూర్తిగా పాడైన మాడ్యూల్ కంటే, పాక్షికంగా చెడి పనిచేస్తూనే ఉండే మాడ్యూల్ పరిశోధకుల దత్తాంశానికి ఎక్కువ హాని చేస్తుంది. తెలుగు అక్షరాల యూనికోడ్ విలువల ఆధారంగా ఆ హాని స్వరూపాన్ని చూపి, లోపాన్ని గుర్తించే క్రమాన్ని, ఫైళ్ళను సరిచూసుకొనే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ర్యామ్, మెమరీ మాడ్యూల్, బిట్, యూనికోడ్, గసడదవాదేశం, పాఠపరిష్కరణ, దత్తాంశరక్షణ.

1. ఉపోద్ఘాతం:

సిద్ధాంతగ్రంథ రచన, తాళపత్ర పాఠాల టైపింగు, క్షేత్రపర్యటనలో సేకరించిన సమాచారం క్రోడీకరణ నేడు కంప్యూటరు మీదనే జరుగుతున్నాయి. టైపు చేసిన ప్రతి అక్షరం డిస్కులో భద్రం కావడానికి ముందు ర్యామ్‌లో నిలుస్తుంది. అక్కడ మార్పు జరిగితే, మారిన పాఠమే డిస్కుకు చేరుతుంది. యంత్రం తరచుగా ఆగిపోవడం, తనంతట తానే మళ్ళీ మొదలవడం, నీలితెర కనిపించడం, నిన్న తెరచుకొన్న ఫైలు నేడు తెరచుకోకపోవడం వంటి లక్షణాలను చాలామంది వైరస్‌గా భావించి విండోస్‌ను తిరిగి ఎక్కిస్తారు. ర్యామ్ చెడి ఉంటే ఆ ప్రక్రియలో డిస్కుకు చేరే ఫైళ్ళు కూడా దెబ్బతినవచ్చు. అందువల్ల ముందుగా మెమరీని పరీక్షించడం ఉచితం.

2. మెమరీ నిర్మాణం - లోపాల స్వభావం:

ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో రూపకల్పన చేసి, 1968లో పేటెంటు పొందిన డైనమిక్ ర్యామ్ నిర్మాణమే నేటి మాడ్యూళ్ళకు మూలం. ఇందులో ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి ఒక బిట్‌ను నిలుపుతాయి. కెపాసిటరులోని విద్యుదావేశం క్రమంగా కారిపోతుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ ఒకసారి పునరుద్ధరించవలసి ఉంటుంది. ఆలోపే ఆవేశం కోల్పోయే బలహీనమైన గడిలో 1 కాస్తా 0గా మారవచ్చు.

మెమరీ లోపాలు రెండు విధాలు. మొదటిది తాత్కాలిక లోపం. చిప్పు పైపొరలోని యురేనియం, థోరియం లేశాల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్‌లను మార్చగలవని ఇంటెల్ శాస్త్రజ్ఞులు టిమోతీ మే, మరే వుడ్స్ 1979లో వివరించారు. రెండవది శాశ్వత లోపం. ఇది వేడి, స్థిరవిద్యుత్తు, తయారీదోషం, వాడకం వల్ల కలిగే క్షీణత మొదలైన కారణాలతో ఏర్పడుతుంది. గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్ళపాటు పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఏటా 8 శాతానికి పైగా మాడ్యూళ్ళలో లోపాలు కనిపించాయి. వాటిలో తాత్కాలిక లోపాల కంటే శాశ్వత లోపాలదే పైచేయి.

రిచర్డ్ హామింగ్ 1950లో ప్రతిపాదించిన దోషసవరణ సంకేతాల ఆధారంగా ఈసీసీ మెమరీ పనిచేస్తుంది. ప్రతి 64 బిట్‌లకు 8 అదనపు బిట్‌లు చేర్చి, ఒక బిట్ దోషాన్ని సవరించడం, రెండు బిట్‌ల దోషాన్ని గుర్తించడం దాని పద్ధతి. ఇది సర్వర్లలో సాధారణం. ఇళ్ళలో, కళాశాలల్లో వాడే అధికశాతం కంప్యూటర్లలో ఉండదు. డీడీఆర్5 చిప్పుల్లో అంతర్గతంగా ఉండే సవరణ ఆ చిప్పు వరకే పరిమితం కాబట్టి, అది పూర్తిస్థాయి ఈసీసీకి ప్రత్యామ్నాయం కాదు.

3. ఒక బిట్ మార్పు - తెలుగు పాఠం:

2003 మే నెలలో బెల్జియం ఎన్నికల్లో, స్కార్‌బీక్ పట్టణంలో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. 4096 అంటే 2కు 12వ ఘాతం. ప్రోగ్రాములో దోషం కనిపించకపోవడంతో, మెమరీలో ఒక బిట్ తనంతట తానే మారిందని నిర్ధారణకు వచ్చారు. వచ్చిన సంఖ్య అసంభవమైనది కాబట్టి ఆ దోషం బయటపడింది. సంభవమైన రూపంలోనే దోషం వస్తే దానిని పట్టుకోవడం కష్టం. తెలుగు పాఠంలో అందుకు అవకాశం ఉంది.

యూనికోడ్‌లో ‘క’ విలువ 3093, ‘గ’ విలువ 3095. ద్విసంఖ్యామానంలో ఇవి వరుసగా 110000010101, 110000010111. రెండింటికీ ఒక్క బిట్ మాత్రమే తేడా. అలాగే ‘త’ 3108, ‘ద’ 3110. వీటి మధ్య కూడా తేడా ఒక్క బిట్టే. కాబట్టి ఒక గడి చెడితే ‘కాలం’ ‘గాలం’గా, ‘కంప’ ‘గంప’గా, ‘తాడి’ ‘దాడి’గా మారవచ్చు. మారినవన్నీ నిఘంటువులో ఉన్న పదాలే కనుక అక్షరదోషాలను పట్టే ప్రోగ్రాములు వీటిని తప్పుగా చూపవు.

ప్రాచీన పాఠాల విషయంలో చిక్కు మరింత సూక్ష్మమైనది. గసడదవాదేశంలో క, చ, ట, త, ప లకు గ, స, డ, ద, వ లు వస్తాయి. ఈ 5 జతల్లో క-గ, త-ద జతలు సరిగ్గా ఒక బిట్ తేడా కలవి. ‘వారు తలచిరి’ అని టైపు చేసిన పాఠం ‘వారు దలచిరి’ అని మారితే, చదివేవారు దానిని సంధిరూపంగా, లేదా ప్రతిలోని పాఠాంతరంగా స్వీకరిస్తారు. బిట్ మార్పుల్లో అధికభాగం అర్థంలేని అక్షరాలుగానో, తెరచుకోని ఫైళ్ళుగానో తేలిపోతాయి. మిగిలిన కొద్దిపాటి మార్పులే పాఠపరిష్కర్తకు అసలు ముప్పు.

4. లోపాన్ని గుర్తించే క్రమం:

4.1. అనుమానం కలిగిన వెంటనే ఆ యంత్రంపై రచన ఆపాలి. పాత బ్యాకప్ మీద కొత్త ప్రతిని ఎక్కించకూడదు. అప్పటికి చెడకుండా మిగిలిన ప్రతి అదొక్కటే కావచ్చు.

4.2. విండోస్‌లోని మెమరీ డయాగ్నస్టిక్‌తో ప్రాథమిక పరీక్ష చేయవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా మొదలయ్యే మెమ్‌టెస్ట్86 మరింత సమగ్రమైనది. కొన్ని లోపాలు యంత్రం వేడెక్కిన తరువాతనే బయటపడతాయి కనుక పరీక్షను రాత్రంతా నడపడం మంచిది. ఒక్క దోషం కనిపించినా ఆ యంత్రాన్ని నమ్మకూడదు.

4.3. మెమరీ వేగాన్ని పెంచే అమరికలు బయోస్‌లో ఉంటే తొలగించి, తిరిగి పరీక్షించాలి. దోషం పోతే లోపం అమరికది కావచ్చు.

4.4. విద్యుత్ సరఫరా పూర్తిగా తొలగించి, చేతిలోని స్థిరవిద్యుత్తు పోయేలా లోహపు కేసును తాకిన తరువాతనే మాడ్యూల్‌ను తీయాలి. దాని బంగారు పూత కొసలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత క్లిప్పు పడే వరకు స్లాటులో నొక్కాలి. కొన్నిసార్లు లోపమంతా ఈ వదులు సంపర్కంలోనే ఉంటుంది.

4.5. అప్పటికీ దోషాలు వస్తే ఒక్కొక్క మాడ్యూల్‌నే ఒకే స్లాటులో ఉంచి పరీక్షించాలి. దోషం మాడ్యూల్‌తో పాటు వేరే స్లాటుకు వెళితే లోపం మాడ్యూల్‌ది. ఏ మాడ్యూల్ పెట్టినా అదే స్లాటులో వస్తే లోపం మదర్‌బోర్డుదో, ప్రాసెసరుదో అవుతుంది.

5. పరిష్కారమార్గాలు:

చెడిన మాడ్యూల్‌లో ఒక చిప్పును మార్చి బాగుచేయడం సామాన్య వినియోగదారునికి గిట్టుబాటు కాదు. మాడ్యూల్‌ను మార్చడమే మార్గం. చాలా మాడ్యూళ్ళకు దీర్ఘకాలిక వారంటీ ఉంటుంది కనుక పరీక్షాఫలితాన్ని ఫొటో తీసి ఉంచుకోవాలి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని స్థానంలో మరొకటి అమరవు. ర్యామ్‌ను బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో, దోషం ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే, ఆ చిరునామాలను వాడవద్దని లినక్స్, విండోస్ బూట్ అమరికల్లో సూచించవచ్చు. ఇది తాత్కాలిక ఉపాయం మాత్రమే. పరిశోధన రచనకు అటువంటి యంత్రాన్ని వాడకపోవడమే క్షేమం.

6. ఫైళ్ళ పరిశీలన:

కొత్త మాడ్యూల్ అమరడంతో యంత్రం బాగుపడుతుంది కాని, అంతకుముందు చెడిన పాఠం బాగుపడదు. వర్డ్ ఫైలు భద్రమయ్యేటప్పుడు దానిలో ఒక సరిచూపు సంఖ్య కూడా చేరుతుంది. అక్షరం అంతకుముందే ర్యామ్‌లో మారి ఉంటే, ఆ సంఖ్య మారిన పాఠానికే లెక్కింపబడుతుంది. ఫైలు నిరాటంకంగా తెరచుకొంటుంది. అంటే ఫైలు తెరచుకోవడం పాఠం శుద్ధమని చెప్పడానికి ఆధారం కాదు.

కాబట్టి లక్షణాలు తొలిసారి కనిపించిన తేదీని గుర్తించి, అంతకు పూర్వపు ప్రతిని, ప్రస్తుత ప్రతిని లోపంలేని యంత్రంపై పోల్చాలి. వర్డ్‌లోని పోలిక సదుపాయం ఇందుకు చాలు. తాము మార్చని చోట క-గ, త-ద మార్పులు కనిపిస్తే వాటిని మూలప్రతితో సరిచూడాలి. పట్టికల్లోని అంకెలను కూడా ఇలాగే పరిశీలించాలి. ఇక మీదట మారనక్కరలేని స్కాన్ ప్రతులకు, రికార్డింగులకు ‘షా-256’ సంఖ్యలను లెక్కించి విడిగా భద్రపరిస్తే, తరువాత జరిగే ఏ మార్పైనా తెలిసిపోతుంది.

7. ముగింపు:

లేఖకుని చేతిలో పాఠం మారే తీరును పాఠపరిష్కర్తలు తరతరాలుగా గుర్తించి, ప్రతులను పోల్చే పద్ధతిని ఏర్పరచుకొన్నారు. చెడిన మెమరీ మాడ్యూల్ కూడా ఒక ప్రమత్త లేఖకుని వంటిదే. లేఖకుని ప్రమాదానికి అలవాటో, ఉచ్చారణో కారణంగా కనిపిస్తుంది; దీనికి అటువంటి కారణం ఉండదు. అందుచేత మాడ్యూల్‌ను మార్చడంతో పని సగమే పూర్తయినట్లు. అనుమానకాలంలో భద్రమైన ప్రతి ఫైలునూ పూర్వప్రతితో పోల్చిన తరువాతనే ఆ పని సంపూర్ణమవుతుంది. పోల్చడానికి పూర్వప్రతి ఉండాలంటే, తేదీలవారీగా వేర్వేరు బ్యాకప్‌లను దాచుకొనే అలవాటు పరిశోధన మొదటి రోజు నుంచే ఉండాలి.