మీకు తెలుసా? పోటీ దగ్గరపడితే సాధన తగ్గాలి

పవర్‌లిఫ్టింగ్‌లో పోటీ దగ్గరపడేకొద్దీ సాధన పెరగదు, తగ్గుతుంది. నెలల తరబడి ఎత్తిన బరువుల అలసట ఒంట్లో పేరుకుపోయి అసలు బలాన్ని బయటికి రానివ్వదు. అందుకే చివరి ఒకటి రెండు వారాల్లో సెట్ల సంఖ్య బాగా కోసేస్తారు. బార్ మీద బరువును మాత్రం చాలావరకు అలాగే ఉంచుతారు. భారీ డెడ్‌లిఫ్ట్ అలసట తీరడానికి ఎక్కువ రోజులు పడుతుందని చాలామంది దాన్ని స్క్వాట్, బెంచ్ ప్రెస్‌లకన్నా ముందే ఆపేస్తారు. ఉత్ప్రేరకాల జోలికి పోనివారికి ఈ విశ్రాంతి మరీ ముఖ్యం.

వేదిక మీద స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లకు మూడేసి అవకాశాలు. ఎత్తలేకపోయినా తర్వాతి ప్రయత్నంలో బరువు తగ్గించుకోవడం కుదరదు. ఒక అంశంలో మూడూ పోతే ఇక మొత్తం లెక్కే ఉండదు. కాబట్టి అనుభవమున్నవాళ్లు జిమ్‌లో వరుసగా మూడుసార్లు ఎత్తగల బరువుతోనే మొదలుపెడతారు. బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాక, రిఫరీ ‘ప్రెస్’ అంటేనే పైకి లేపాలి. ఛాతీకి కొట్టి ఎగరేసే జిమ్ వీరుల గొప్పలు ఇక్కడే బయటపడతాయి!

1972లో ఏర్పడిన అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ ‘వాడా’ నియమావళిని పాటిస్తుంది. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే దోషమే. క్రియాటిన్‌కు, కాఫీకి అభ్యంతరం లేదు. కల్తీ ప్రొటీన్ పొడిలో నిషిద్ధ పదార్థం దొరికితే? తెలియక తిన్నానన్నా బాధ్యత క్రీడాకారుడిదే.