దంపతుల కౌన్సెలింగ్‌.. విద్యార్థులకు కఠిన పాఠం

భార్యాభర్తల తగవును ఒకప్పుడు ఇంటి పెద్దలు, కులపెద్దలు తీర్చేవారు. నేడు అది కుటుంబ న్యాయస్థానాల దాకా వస్తోంది. వీలున్నంత వరకు తొలుత రాజీకి ప్రయత్నించాలని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం నిర్దేశిస్తోంది. ఆ పనికి కావాల్సిన కౌన్సెలర్లలో అధికులు మనస్తత్వశాస్త్రం, ఎంఎస్‌డబ్ల్యూ చదివినవారే. అయితే ఒక్కరి గోడు వినడంలో ఆరితేరిన విద్యార్థులు సైతం ఇద్దరు ఎదురుగా కూర్చునేసరికి తడబడుతుంటారు.

కారణం లేకపోలేదు. దంపతుల్లో ఒకరి పక్షాన నిలబడిన మరుక్షణం రెండోవారు దూరమవుతారు. కన్నీరు పెట్టుకున్నవారి వైపో, గట్టిగా మాట్లాడేవారి వైపో విద్యార్థి తనకు తెలియకుండానే మొగ్గడం సహజం. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే మూడో మనిషిని అందులోకి లాగుతారని అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెన్‌ వివరించారు. తెలుగు ఇళ్లలో ఆ మూడో మనిషి అత్తగారో, ఆడపడుచో, ఒక్కోసారి కన్నబిడ్డో అవుతారు. కౌన్సెలింగ్‌ గదిలో ఆ స్థానం విద్యార్థిదే.

అందుకే శిక్షణలో అభినయానికి పెద్దపీట వేస్తారు. ఇద్దరు సహాధ్యాయులు భార్యాభర్తలుగా, మరొకరు కౌన్సెలర్‌గా కూర్చుంటారు. కాసేపటికి పాత్రలు మారతాయి. ఎవరిని ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎవరి మాటను మధ్యలో తుంచారు అన్నది అధ్యాపకులు గమనిస్తారు. మూడు తరాల వంశవృక్షం గీయించడం మరో పద్ధతి. పురుషులకు చతురస్రం, స్త్రీలకు వృత్తం గుర్తు. కట్నం బాకీ, తెగిపోయిన రాకపోకలు, గల్ఫ్‌కు వెళ్లిన భర్త.. నోట రాని సంగతులు కాగితం మీద బయటపడతాయి.

హింస ఉన్నచోట మాత్రం ఇద్దరినీ సమానంగా చూడటం చెల్లదు. భర్త ఎదుట దెబ్బల సంగతి చెప్పిన భార్య ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు తినే ప్రమాదం ఉంది. కాబట్టి ఉమ్మడిగా కూర్చోబెట్టే ముందు విడివిడిగా మాట్లాడాలి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. కౌన్సెలింగ్‌లో హింసను సమర్థించుకునే వాదనకు తావివ్వరాదని దాని నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. ‘సర్దుకుపోమ్మా’ అన్న మాట చిన్ననాటి నుంచి వింటూ పెరిగినవారికి అన్నింటికన్నా కష్టమైన పాఠం ఇదే.

విడిగా చెప్పిన రహస్యాన్ని రెండోవారికి తెలపాలా వద్దా అన్న నియమాన్ని తొలిరోజే ఇద్దరి ముందూ చెప్పాలి. నడుమ పెట్టిన నియమం ఎవరో ఒకరికి ద్రోహంగానే తోస్తుంది.

ఇక ఇరవై రెండేళ్ల విద్యార్థిని తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. ‘నీకు పెళ్లయిందా అమ్మాయ్‌?’ చిన్నబుచ్చుకోకుండా, చదువు చూపి దబాయించకుండా ‘కాలేదండీ, మీ కాపురం గురించి మీకే బాగా తెలుసు, చెప్పండి’ అనగలగాలి.

రాజీ కుదరకపోయినా పని మిగిలే ఉంటుంది. హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకార విడాకులకు ఉన్న ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. విడిపోయే ఇద్దరూ పిల్లలను బడికి ఎవరు పంపాలి, సంక్రాంతి సెలవులకు ఎవరి వద్ద ఉంచాలి అన్నది కేకలు లేకుండా మాట్లాడుకునేలా చూడటమూ కౌన్సెలర్‌ బాధ్యతే.