చేరే రోజు సంతకం, సొంత కంపెనీ కల

ఉప్పల్ దాటి వరంగల్ హైవే పట్టుకుంటే ఘట్‌కేసర్‌కు ముందే పోచారం. అక్కడి ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో తొలి జీతం అందుకుని అమెరికాదాకా వచ్చినవాళ్లు మన సంఘంలో ఉన్నారు. కోడ్ రాయడంలో మనవాళ్లకు తిరుగులేదు, సొంత కంపెనీ పెట్టాలన్న తపనకూ కొదవ లేదు. దానికి అడ్డుపడేవి ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే కాగితాలు.

ఉద్యోగం మానేశాక, పనిచేసిన క్లయింటు దగ్గర ఆరు నెలలు చేరకూడదు. టీసీఎస్, విప్రో లాంటి పోటీ కంపెనీల్లో అదే క్లయింటు పనైతే అక్కడా ఆరు నెలలు చేరకూడదు. ఇన్ఫోసిస్ పెట్టిన ఈ షరతు మీద 2022లో నైటెస్ అనే ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. భారతదేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం బతుకుతెరువుకు అడ్డుపడే ఒప్పందం చెల్లదు కాబట్టి, ఉద్యోగం మానేశాక వర్తించే ఇలాంటి షరతులను అక్కడి కోర్టులు సాధారణంగా నిలబెట్టవు. కాలిఫోర్నియాదీ 1872 నుంచి అదే దారి. సిలికాన్ వ్యాలీలో అన్ని కంపెనీలు పుట్టడానికి అదీ ఒక కారణమంటారు. టెక్సాస్‌లో మాత్రం గడువు, పరిధి సమంజసంగా ఉంటే అమలవుతాయి. ఈ షరతులను అమెరికా అంతటా రద్దు చేస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనను టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టే ఆగస్టులో కొట్టేసింది.

అసలు గండం మరోచోట ఉంది. చేరిన రోజు ఇచ్చే ఆవిష్కరణల ఒప్పందం చివర, ఇంతకుముందు మీరు తయారుచేసినవి రాయమని ఒక పేజీ ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే, నావంటూ ఏవీ లేవని రాసిచ్చినట్టే. మా వ్యాపార భాగస్వామి ఉద్యోగంలో చేరకముందే బోడుప్పల్ గదిలో మొదలుపెట్టిన ప్రోగ్రాం అలాగే చిక్కుల్లో పడింది. "ఫార్మాలిటీ, సంతకం చెయ్యండి" అన్నారట అప్పట్లో. పెట్టుబడిదారు లాయర్లు ఆ పేజీ చూసి, ఈ కోడ్ ఎవరిదని అడిగారు. పాత యాజమాన్యం తమదే అంది. పెట్టుబడి ఆగిపోయింది.

పొలం కొనేముందు హద్దులు చూడకుండా మన తాతలు వేలిముద్ర వేయలేదు. ఆ జాగ్రత్త మన వారసత్వం. ఈ కాగితాల సంగతి పిల్లలకు తెలుగులోనే విడమరిచి చెప్పండి.

ఒప్పందం చివరి ఆ పేజీలో మీ ప్రోగ్రాం పేరు, మొదలుపెట్టిన తేదీ, అది చేసే పని ఒక్క వాక్యంలో రాయండి, లోగుట్టు రాయొద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాన్ని ఒక్కసారి కూడా తెరవొద్దు. సొంత సమయంలో, సొంత సామగ్రితో చేసినది మనదేనని కాలిఫోర్నియా కార్మిక చట్టం 2870వ సెక్షన్ అంటుంది. కానీ అది యాజమాన్యం వ్యాపారానికి సంబంధించినదైతే, అర్ధరాత్రి మన ఇంట్లో రాసినా ఆ రక్షణ ఉండదు. సంతకమైన ప్రతిని అదే రోజు ఇంటికి తెచ్చుకోండి. రాజీనామా చేశాక లాగిన్ తీసేస్తారు, ఆఫీసు మెయిల్‌లో ఉన్న కాపీ మనకు దొరకదు.