పొరపాటున వచ్చింది... ఉంచేసుకుందామా?

కిలో కందిపప్పు తెచ్చుకుంటే యాభై గ్రాములు తక్కువ తూగిందనుకోండి, ఊరుకుంటామా? సంచీ పట్టుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళి, "ఏమయ్యా, తూకం వేసేది ఇలాగేనా?" అని నిలదీసి మరీ వస్తాం. రెండు జాకెట్టు ముక్కలకి బిల్లు వేసి కవర్లో ఒకటే పెడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. మరి ఒక ముక్కకి బిల్లు వేసి రెండు పెడితే? కిలో అడిగితే రెండు కిలోల ప్యాకెట్ వస్తే? ఫోన్లో ఒక చీర ఆర్డరు చేస్తే పార్సిల్లో రెండు చీరలుంటే?

అప్పుడు మాత్రం మన కాళ్ళకి ఎక్కడలేని బరువూ వచ్చేస్తుంది. "ఎండగా ఉంది, రేపు చూద్దాంలే" అనిపిస్తుంది. రేపు కాస్తా ఎల్లుండవుతుంది. వారం తిరిగేసరికి ఆ రెండో చీరకి ఫాల్ కుట్టించడం కూడా అయిపోతుంది!

ఎదురుగా నిలబడి బేరమాడి కొన్న రోజుల్లో ఇలాంటి పొరపాటు జరిగినా అక్కడికక్కడే తెలిసిపోయేది. షావుకారు మొహం మనకి తెలుసు, మన ఇల్లు షావుకారుకి తెలుసు. ఇప్పుడు సరుకు కట్టేది ఒకరు, తెచ్చేది ఇంకొకరు, డబ్బు పుచ్చుకునేది మరొకరు. ఎవరి మొహమూ మనకి తెలియదు. మొహం తెలియని మనిషి సొమ్మంటే కాస్త తేలికే మరి!

నలుగురూ నాలుగు మాటలు

మా వీధిలో ఒకావిడ ఉప్పాడ చీరలు రెండు ఫోన్లో చూసి ఎంచుకుని డబ్బు పంపించింది. పార్సిల్ విప్పితే మూడు చీరలున్నాయి. మూడోది మిగతా రెండిటికన్నా ఖరీదైనది. అంచు మీద చీటీ కూడా ఉంది, 4,200 రూపాయలని. సాయంత్రం మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆవిడే ఈ మాట తెచ్చింది. ఇక చూడాలి!

"మనం అడిగామా? వాళ్ళంతట వాళ్ళే పంపారు. దేవుడిచ్చాడనుకుని కట్టుకో" అంది ఒకావిడ.

"పండగొస్తే చాలు, ధరలు పెంచేసి మళ్ళీ సగానికి తగ్గించామని బోర్డులు పెడతారు. వాళ్ళు మనల్ని ముంచినప్పుడు ఎవరైనా వెనక్కిచ్చారా? చెల్లుకి చెల్లు" అంది ఇంకొకావిడ.

"లక్షల వ్యాపారం వాళ్ళది. ఒక్క చీర పోతే దుకాణం మూసేస్తారా ఏంటి?" అని మూడో ఆవిడ.

"పరుల సొమ్ము పాములాంటిదమ్మా, ఇంట్లో పెట్టుకోకండి" అన్నారు డెబ్భై దాటిన పిన్నిగారు.

బ్యాంకులో పని చేసే అమ్మాయి మాత్రం వేరే మాట అంది. "నాకు ఉంచుకోవాలని లేదు పిన్నిగారూ. కానీ ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుందే గానీ మనిషి పలకదు. పలికినా పార్సిల్ కట్టి కొరియర్ ఆఫీసులో ఇవ్వమంటారు. తప్పు వాళ్ళది, ఆటో ఖర్చూ అరపూట సెలవూ నావా?"

ఆ పిల్ల మాటలో న్యాయం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ మూడో ఆవిడ ప్రశ్న చూద్దాం. ఒక్క చీర పోతే నిజంగా పోయేది ఎవరికి?

ఆ తేడా ఎవరి జీతంలోంచి?

మా వెనక వాటాలో ఉండే అమ్మాయి ఒక బట్టల దుకాణంలో సేల్స్ గర్ల్. పొద్దున పది గంటలకి వెళితే రాత్రి పది దాటాక వస్తుంది. షట్టరు దించాక కూడా పని అయిపోదు. రోజంతా అమ్మిన బిల్లులూ, అరల్లో మిగిలిన సరుకూ సరిచూడాలి. ఒకసారి పండగ రద్దీలో ఒక కవర్లో రెండు డ్రస్ మెటీరియల్స్ వెళ్ళిపోయాయి. బిల్లు ఒకదానికే ఉంది. రాత్రి లెక్కలో తేడా బయటపడింది. 1,350 రూపాయలు. ఆ కౌంటర్లో ఉన్నది ఈ అమ్మాయే. ఆ డబ్బు మూడు నెలల జీతంలోంచి విడతలుగా పట్టుకున్నారు.

"కొన్నావిడ మొహం నాకు బాగా గుర్తుంది ఆంటీ. ఆకుపచ్చ చీర కట్టుకుంది, పాపని ఎత్తుకుంది. చూసుకుంటే తెచ్చి ఇచ్చేస్తుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు గుమ్మం వైపే చూస్తూ పని చేశాను" అని చెప్పింది. ఆవిడని తిట్టలేదు కూడా. "ఏమో, చూసుకోలేదేమో" అంది.

అన్ని దుకాణాల్లోనూ ఇలాగే జరుగుతుందని నేననను. నష్టాన్ని యజమానే భరించే చోట్లూ ఉన్నాయి. కానీ తన చేతికి అప్పగించిన సరుకు పనిచేసేవారి అజాగ్రత్త వల్ల పోతే, ఆ విలువను జీతంలోంచి పట్టుకునే వీలు 1936 నాటి వేతనాల చట్టం నుంచీ యజమానికి ఉంది. పట్టుకునే ముందు వాళ్ళ సంజాయిషీ వినాలనే నియమమూ ఉంది. చిన్న దుకాణంలో సంజాయిషీ అడిగేదెవరు, చెప్పే ధైర్యం ఎవరికి? మనం "వాళ్ళు" అంటున్నప్పుడు మన కళ్ళ ముందు కనిపించేది గల్లా పెట్టె దగ్గర కూర్చున్న యజమాని. ఆ వాళ్ళలో ఈ అమ్మాయి కూడా ఉందని తోచదు.

చెల్లుకి చెల్లు అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. పోయిన పండక్కి నాసిరకం చీర అంటగట్టిన దుకాణం ఒకటి, ఈరోజు పొరపాటున చీర పంపింది ఇంకొకటి. ఒకరి బాకీ ఇంకొకరి దగ్గర వసూలు చేస్తామా? ఒకే దుకాణం అయినా సరే, మోసం జరిగితే అడగడానికి దారి ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువైన వస్తువుకి అక్కడ రుసుము కూడా లేదు. ఆ దారి వదిలేసి, పొరపాటున వచ్చిన చీర బీరువాలో దాచుకుంటే మనకి జరిగిన మోసం గురించి ఎవరికి తెలుస్తుంది?

చట్టం ఏమంటుంది?

"మనం అడగలేదు కాబట్టి మనదే" అనే మాట చాలామంది నమ్ముతారు. మన చట్టం మాత్రం అలా అనడంలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. దాని 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున ఇచ్చిన డబ్బయినా, వస్తువయినా పుచ్చుకున్నవారు తిరిగి ఇచ్చేయాలి. 70వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చూస్తే మన మెట్ల మీది కబుర్లు విని రాశారా అనిపిస్తుంది. ఒక వర్తకుడు పొరపాటున ఎవరింట్లోనో సరుకు వదిలి వెళ్ళాడు. ఆ ఇంటాయన అది తనదే అన్నట్టు వాడుకున్నాడు. అలాంటప్పుడు వర్తకుడికి ఆ డబ్బు కట్టాల్సిందే అంటుంది చట్టం. నూట యాభై ఏళ్ళ పైబడిన మాట ఇది!

ఇక శిక్షల సంగతి. ఇతరుల సొమ్మును నిజాయితీ లేకుండా సొంతం చేసుకోవడం ఇదివరకు ఇండియన్ పీనల్ కోడ్ 403వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 314వ సెక్షన్ అయింది. ఆరు నెలలకి తక్కువ కాకుండా రెండేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా. ఒక జాకెట్టు ముక్క కోసం పోలీసులు వస్తారని భయపెట్టడానికి చెప్పడంలేదు. అందులో గమనించాల్సింది ఇంకొకటుంది. మనదే అనుకుని పార్సిల్ తీసుకుంటే తప్పు లేదు. విప్పి చూసినా తప్పు లేదు. మనది కాదని తెలిశాక కూడా కావాలని మనదిగా చేసుకుంటే అప్పుడు మొదలవుతుంది తప్పు. అంటే "తెలిసిన క్షణం" నుంచీ అన్నమాట.

"అమెరికాలో అలా కాదట, అడక్కుండా వచ్చింది మనదేనట" అని అక్కడ పిల్లలున్న తల్లులు కొందరు చెబుతారు. అక్కడ 1970లో చేసిన చట్టం ప్రకారం, ఆర్డరు చేయకుండా తపాలాలో పంపిన సరుకుని బహుమతిగా ఉంచుకోవచ్చన్నది నిజమే. ఇంగ్లండులో కూడా 1971లో ఇలాంటి చట్టం వచ్చింది. కానీ అవి ఎందుకు పుట్టాయో చూడాలి. అడగని సరుకుని కావాలనే ఇళ్ళకి పంపి, తర్వాత డబ్బు కట్టమని వేధించే వ్యాపారుల ఆట కట్టించడానికి. సరుకు కట్టే కుర్రాడు కంగారులో ఒకటికి రెండు పెట్టిన సంగతి వేరు.

ఎలా వచ్చిందో చూసుకోండి

పొరపాట్లన్నీ ఒక్కలాంటివి కావు. అడిగినదానికన్నా ఎక్కువ వస్తే, ఎక్కువైనది వెనక్కి ఇవ్వాలి, లేదా వాళ్ళతో మాట్లాడి దాని ధర కట్టి ఉంచుకోవాలి. ఒకటి అడిగితే ఇంకొకటి వస్తే, మన వస్తువు మనకి ఇమ్మని అడిగే హక్కు మనకుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చెప్పిన విధంగా లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మినవారు అనకూడదు.

పేరు మనదీ కాక, ఇల్లు మనదీ కాక ఎదురింటి వాళ్ళ పార్సిల్ మన గుమ్మంలో పడి ఉంటే అసలు విప్పకండి. ఎవరి పేరుంటే వాళ్ళకే ఇవ్వండి. ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచండి.

మందులయితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. మనకి రావలసిన బీపీ మాత్రలకి బదులు వేరేవి వచ్చాయంటే, మనవి ఇంకెవరింటికో వెళ్ళి ఉండొచ్చు. ఆ ఇంట్లో పెద్దావిడ చూసుకోకుండా వేసుకుంటే? వెంటనే దుకాణానికి ఫోన్ చేయండి. డాక్టరు రాసిన చీటీతో సరిచూడకుండా ఏ మాత్రా వేసుకోకండి.

అసలు ఏమీ ఆర్డరు చేయకుండానే "డబ్బు కట్టి పార్సిల్ తీసుకోండి" అని వస్తే అది పొరపాటు కాకపోవచ్చు. ఇంట్లో అందరినీ అడిగి, ఎవరూ తెప్పించలేదంటే తీసుకోకండి. "రద్దు చేస్తాం, మీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పండి" అంటే అసలే చెప్పకండి. అలా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మంచితనం వేరు, అమాయకత్వం వేరు.

శ్రమ మన నెత్తిన పడకుండా

ఇప్పుడు ఆ బ్యాంకు అమ్మాయి మాటకొద్దాం. తప్పు వాళ్ళదైనప్పుడు ఖర్చు మనం పెట్టుకోనక్కర్లేదు. మన బాధ్యత మూడు పనుల్లో అయిపోతుంది. చెప్పడం, జాగ్రత్తగా ఉంచడం, వచ్చి అడిగితే ఇచ్చేయడం.

మొదట వస్తువునీ, పార్సిల్ మీది చీటీనీ, బిల్లునీ కలిపి ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్లో మాటలకన్నా రాతలో చెప్పడం మంచిది. "ఫలానా తేదీన, ఫలానా ఆర్డరులో ఒక వస్తువు ఎక్కువ వచ్చింది. మీ మనిషిని పంపి తీసుకెళ్ళండి. ఖర్చు మీదే" అని మెసేజో, ఈమెయిలో పంపితే చాలు. యాప్‌లో తెప్పించుకుంటే అందులోనే ఫిర్యాదు పెట్టొచ్చు. అందిన ఫిర్యాదుకి 48 గంటల్లో జవాబివ్వాలనీ, నెల లోపు పరిష్కరించాలనీ 2020 నిబంధనల్లోనే ఉంది. అప్పటిదాకా వస్తువు వాడకండి, చీటీలు చింపకండి. తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి దుకాణం పంపినవాడేనా అని కనుక్కుని, రసీదు తీసుకునే ఇవ్వండి. "పోనీలెండి మేడమ్, ఉంచుకోండి" అంటే సంతోషం! ఆ మాట కూడా రాతలోనే ఇమ్మనండి.

మా వీధావిడ చేసింది ఇదే. మొదటి రోజు ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఫొటో తీసి మెసేజ్ పంపితే రాత్రికి జవాబొచ్చింది. ఆ మూడో చీర ఇంకో ఊరి పార్సిల్లోదట. అక్కడ ఒక నిశ్చితార్థానికి తెప్పించుకున్నారట. రెండు రోజులుగా ఆ పెళ్ళివారూ, దుకాణంవాళ్ళూ ఫోన్లో కేకలేసుకుంటున్నారట. మర్నాడే మనిషిని పంపి తీసుకెళ్ళారు. మా ఆవిడకి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. బహుమతీ రాలేదు, "చాలా థాంక్స్ అమ్మా" అన్న మాట తప్ప. "నిజం చెప్పొద్దూ, ఆ రంగు నాకు భలే నచ్చింది" అని నవ్వేసింది.

నచ్చకుండా ఎందుకుంటుంది? మనసు పడడం తప్పు కాదు. దసరాకో, సంక్రాంతికో మీరూ కవర్లు తెచ్చి విప్పుతారు. విప్పగానే బిల్లు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. తక్కువుంటే గట్టిగా అడగండి. ఎక్కువుంటే ఆ రాత్రే చెప్పేయండి, దుకాణం లెక్కలు చూసుకునే వేళకి.